మన చేయి వెళ్లని పుస్తకం

డిసెంబరు, జనవరి నెలల్లో హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ పుస్తక ప్రదర్శనలు మొదలయ్యాయంటే స్టాళ్లలో కూర్చున్నవాళ్లకు రోజూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: ‘జీవితంలో తప్పకుండా చదవాల్సిన పుస్తకాలేవో ఓ పది చెప్పండి.’ అడిగేవాళ్లలో కాలేజీ పిల్లలుంటారు. పిల్లల చేయి పట్టుకొచ్చిన తల్లులుంటారు. ఉద్యోగం నుంచి రిటైరై ఇప్పుడైనా తీరిగ్గా చదువుకుందామనుకున్న పెద్దవాళ్లుంటారు. స్టాల్ మనిషి ఒక క్షణం ఆలోచించి చేతికందిన నాలుగు తీసి బల్ల మీద పెడతాడు. ‘మహాప్రస్థానం’, ‘అమృతం కురిసిన రాత్రి’, ‘అసమర్థుని జీవయాత్ర’, ‘చివరకు మిగిలేది’. నాలుగూ మంచి పుస్తకాలే. అడిగిన మనిషి సంతోషంగా సంచిలో వేసుకుని వెళ్తాడు.

ఆ ప్రశ్న తేలిగ్గా తీసుకోవాల్సింది కాదు. నెలకో పుస్తకం చొప్పున యాభై ఏళ్లు మానకుండా చదివిన మనిషి చదివేవి 600. ఇల్లు, ఉద్యోగం, జబ్బులు, పిల్లల పెళ్లిళ్లు వీటన్నిటి మధ్య నెలకొకటి చదవడమంటే గొప్ప నిష్ఠ. అంత నిష్ఠగా చదివినా జీవితమంతా కలిపి నాలుగు బీరువాలకు మించదు. కాబట్టి ఆ నాలుగు బీరువాల్లో ఏముండాలన్నది ఎవరికైనా నిజమైన ప్రశ్నే.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలని చాలామంది చాలాకాలంగా ప్రయత్నించారు. 1886లో లండన్‌లోని శ్రామికుల కళాశాలలో సర్ జాన్ లబ్బక్ ఒక ఉపన్యాసమిచ్చారు. ఆయన బ్యాంకరు, శాస్త్రవేత్త, పార్లమెంటు సభ్యుడు. పగలంతా పనిచేసి సాయంత్రం చదువుకోవడానికొచ్చే కూలీలకూ గుమస్తాలకూ దారి చూపాలని వంద పుస్తకాలు ఏరి చెప్పారు. అందులో మన రామాయణ భారతాలకు కూడా, సంక్షిప్త రూపంలోనే అయినా, చోటు దక్కింది. ‘పాల్‌మాల్ గెజిట్’ అనే పత్రిక ఆ జాబితాను ప్రముఖులకు పంపి అభిప్రాయాలడిగితే, జాన్ రస్కిన్ కలం తీసుకుని వాటిలో చాలావాటిని కొట్టేసి పంపారు. తర్వాత అమెరికాలో హార్వర్డ్ మాజీ అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ 1909, 1910ల్లో ఐదడుగుల అల్మారాలో పట్టేన్ని గ్రంథాలు ఏరి అచ్చు వేయించారు. రోజూ పావుగంట వాటితో గడిపితే చాలు, మనిషి చదువుకున్నవాడవుతాడన్నది ఆయన నమ్మకం. 1952లో షికాగో నుంచి మరో ప్రయత్నం వచ్చింది. పాశ్చాత్య ప్రపంచపు మహాగ్రంథాలన్న పేరుతో 54 సంపుటాలు. హోమర్ నుంచి ఫ్రాయిడ్ దాకా అందరూ ఉన్నారు. ఆడవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. జేన్ ఆస్టిన్, జార్జ్ ఎలియట్, వర్జీనియా వుల్ఫ్ లోపలికి రావడానికి 1990 దాకా, రెండో కూర్పు దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ పెద్దమనుషులు చెడ్డవాళ్లేమీ కారు. ఏళ్ల తరబడి శ్రమపడి, చదువుకోలేకపోయినవాళ్ల మీద ప్రేమతోనే ఆ పని చేశారు. అయినా వాళ్ల గది కిటికీలోంచి కనిపించినంత మేరే ప్రపంచమనుకున్నారు. కనిపించనిదాన్ని కావాలని వదిలేయలేదు, అది ఉందనే వాళ్లకు తోచలేదు. ఎంత మంచి మనసుతో తయారుచేసిన జాబితాకైనా ఈ కష్టం తప్పదు.

మన సంగతీ వేరు కాదు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమని ఒకాయన రాసినప్పుడు సురవరం ప్రతాపరెడ్డి మాటకు మాట అని ఊరుకోలేదు. తన ‘గోలకొండ’ పత్రిక ద్వారా జిల్లా జిల్లాకూ కబురు పెట్టి పద్యాలు తెప్పించారు. 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వచ్చేసరికి అందులో 354 మంది ఉన్నారు. వాళ్లంతా మహాకవులని ప్రతాపరెడ్డి కూడా అనుకుని ఉండరు. వాళ్లున్నారని చూపించడమే అప్పటి అవసరం. తెలుగులో వచ్చిన జాబితాలన్నిటిలో మనసుకు అతి దగ్గరగా అనిపించేది ఇదే. ఏవి గొప్పవని కాకుండా ఎవరిని మరిచిపోయామని అడిగిన జాబితా ఇది.

అంతకంటే ముందు, అంతకంటే కష్టంగా, ఈ పని ఒకే ఒక్క పుస్తకం కోసం చేసిన మనిషి బెంగుళూరు నాగరత్నమ్మ. తిరువయ్యూరులో త్యాగరాజస్వామి సమాధి మందిరం కట్టించిన సంగీత విదుషిగా ఆమె పేరు చాలామందికి తెలుసు. ఆమె ఎంత గొప్ప పాఠకురాలో మాత్రం తక్కువమందికి తెలుసు. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని అనే కవయిత్రి ‘రాధికా సాంత్వనము’ అనే శృంగార ప్రబంధం రాసింది. నాగరత్నమ్మ దాని గురించి ఎక్కడో చదివి, వెతికి, అచ్చుప్రతి సంపాదించారు. చదివితే ఎక్కడో తేడాగా ఉంది. తాళపత్ర ప్రతి తెప్పించి పక్కపక్కన పెట్టి చూస్తే అసలు సంగతి బయటపడింది. 1887లో అచ్చువేసినవాళ్లు కొన్ని పద్యాలు తీసేశారు. ముద్దుపళని తన గురించీ తన ఇంటి ఆడవాళ్ల గురించీ చెప్పుకున్న అవతారిక కూడా అందులో లేదు. అంటే ఒక ఆడమనిషి తన పుస్తకంలో తానెవరో చెప్పుకున్న చోటే లేకుండా పోయింది.

నాగరత్నమ్మ పూర్తి పాఠాన్ని పరిష్కరించి 1910లో వావిళ్ల వారి ద్వారా అచ్చు వేయించారు. ముందుమాటలో ఆమె ఎదుర్కొన్నది సామాన్యుణ్ణి కాదు, కందుకూరి వీరేశలింగం పంతుల్ని. ఆయన తన ‘ఆంధ్ర కవుల చరిత్రము’లో ముద్దుపళనిని, ఆమె పుస్తకాన్ని నిందించారు. స్త్రీ నోట రాదగిన మాటలు కావన్నది ఆయన అభ్యంతరం. పురుష కవులు అంతకు మించి రాసినప్పుడు ఈ అభ్యంతరం ఎటు పోయిందని నాగరత్నమ్మ అడిగారు. వితంతువుల కోసం ఊరంతటినీ ఎదిరించిన మనిషిని దేవదాసీ కుటుంబంలో పుట్టిన ఒక స్త్రీ, ఆయన రాసే భాషలోనే, పుస్తకం పేజీలోనే నిలదీయడం మన సాహిత్య చరిత్రలో పెద్ద ఘట్టం. కానీ నెగ్గింది ఆమె కాదు. ప్రభుత్వం ప్రతుల్ని జప్తు చేసి పుస్తకాన్ని నిషేధించింది. ప్రకాశం పంతులు మద్రాసు ప్రధాని అయ్యేదాకా ఆ నిషేధం అలాగే ఉంది. 1952లో వావిళ్ల వాళ్లు మళ్లీ వేశారు. అదే సంవత్సరం నాగరత్నమ్మ కన్నుమూశారు.

వీరేశలింగం గారి మీద మనకున్న గౌరవం దీనివల్ల తగ్గాల్సిన పని లేదు. ఆయనంతటి వాడికే ఒక వైపు చూపు ఆనలేదంటే, తప్పకుండా చదవాల్సిన పుస్తకాలు ఇవేనని ఎవరు ఖాయంగా చెప్పినా ఒకసారి ఆగి చూడాలనే అర్థం.

మరి జాబితాలే వద్దా? కావాలి. అయితే ఎందుకు కావాలో ముందు తేల్చుకోవాలి. మనకు నచ్చే పుస్తకాల దగ్గరికి మన కాళ్లే తీసుకెళ్తాయి. డిటెక్టివ్ నవలలు ఇష్టమైనవాడికి ఎవరూ దారి చెప్పనక్కర్లేదు. భక్తి పుస్తకాలు చదివే ఇంట్లో అవి ఎలాగూ ఉంటాయి. విప్లవ కవిత్వం నచ్చిన కుర్రాడికి అది మిత్రుల ద్వారానే చేరుతుంది. మనంతట మనం ఎన్నడూ చేయి చాచని పుస్తకం ఒకటుంటుంది. మన కులం, మన ఊరు, మన యాస, మన ఇంటి ఆచారాలు ఏవీ అటు తోయని పుస్తకం. ఒకరు చెప్పాల్సింది దాని కోసమే. ‘అందరూ చదవాల్సిన పుస్తకం’ అన్న మాటకు ఏదైనా బరువు ఉందనుకుంటే అది ఇక్కడే ఉంది. ఆ లెక్కన నా జాబితా, మీ జాబితా ఒకటి కాలేవు, కాకూడదు కూడా.

‘కన్యాశుల్కం’ లాంటివి కొన్ని ఏ ఇంటివాళ్లయినా చదవాల్సినవే. 1892లో విజయనగరంలో ప్రదర్శించి, 1897లో అచ్చు వేయించి, 1909 నాటికి గురజాడ దాదాపు కొత్త నాటకంగా తిరగరాశారు. అంత పేరు వచ్చిన రచనను మళ్లీ మొదట్నుంచి పట్టుకుని మధురవాణి పాత్రను అంత ఎత్తుకు పెంచగలగడం సామాన్యం కాదు. పదిహేనేళ్లకు చదివితే గిరీశం దొరుకుతాడు, నలభై ఏళ్లకు చదివితే మధురవాణి దొరుకుతుంది, ఆ తర్వాత ఎప్పుడో బుచ్చమ్మ మౌనం వినపడుతుంది. దీని గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదు. చెప్పేవాళ్లకు కొదవ లేదు.

‘మాలపల్లి’ సంగతి వేరు. దాని పేరు తెలియని తెలుగు విద్యార్థి ఉండడు. పోటీ పరీక్షల్లో రచయిత పేరుకు ఎదురుగా గడి నింపడానికి పనికొస్తుంది. పుస్తకంగా చదివినవాళ్లు తక్కువ. ఉన్నవ లక్ష్మీనారాయణ గుంటూరు బారిస్టరు. సత్యాగ్రహంలో జైలుకెళ్లి అక్కడ రాసిన నవల ఇది. 1922లో అచ్చయింది. మంగళాపురంలో రామదాసు కుటుంబం మాలలు, భక్తులు, ఎవరి జోలికీ పోనివాళ్లు. చిన్నకొడుకు సంగదాసు చౌదరయ్య దగ్గర జీతగాడు. చౌదరయ్య కొడుకు రామానాయుడు అతనికి ప్రాణస్నేహితుడు. కూలీల తరఫున నోరెత్తినందుకు సంగదాసు ఆ చౌదరయ్య చేతిలోనే చచ్చిపోతాడు. ఇక్కడ ఆపేసి ఉంటే అది కన్నీళ్ల కథయ్యేది. ఉన్నవ ఆపలేదు. అన్న వెంకటదాసు తక్కెళ్ల జగ్గడై పెద్దవాళ్ల ఇళ్లు దోచి పేదలకు పంచడం, శాంతమూర్తి అయిన తండ్రి ఇటు, తిరగబడ్డ కొడుకు అటు, ఇద్దరిలో ఎవరిది న్యాయమో పాఠకుడికే వదిలేయడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. మద్రాసు ప్రభుత్వం దాన్ని రెండుసార్లు నిషేధించింది. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక గానీ విడుదల కాలేదు. ఒక దొరతనం అంతగా భయపడిన నవలను మనం ప్రశ్నపత్రంలో ఒక మార్కుకు కుదించుకోవడం బాధాకరం. లావు పుస్తకమే, కాదనలేం. మధ్యలో తత్వాలు, ఉపన్యాసాలు వస్తాయి. అవి వచ్చిన చోట కాస్త నెమ్మదించి చదివితే సరిపోతుంది.

జాషువా ‘గబ్బిలం’ చిన్న పుస్తకం, ఒక సాయంత్రం పని. 1941లో వచ్చింది. కాళిదాసు యక్షుడికి మేఘం దూత అయితే, జాషువా కథానాయకుడికి గబ్బిలం దూత. ఎందుకంటే ఆ మనిషికి గుడిలోకి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. గర్భగుడి కప్పుకు వేలాడే ఆ జీవిని ఎవరూ తోలరు. కాబట్టి పూజారి లేని వేళ చూసి తన గోడు శివుడి చెవిన వేయమని దాన్ని బతిమాలుకుంటాడు. ఈ ఒక్క ఊహ దగ్గర ఆగి ఆలోచించండి. మేఘసందేశం చదువుకున్న పండితుడి చేత్తోనే, ఆ పండితుల పద్యంతోనే, ఆ పండితులు గుడి బయట నిలబెట్టిన మనిషి బాధ చెప్పడమది. గుడికి రోజూ వెళ్లేవాళ్లు తప్పకుండా చదవాల్సిన పుస్తకమేదంటే దీన్నే మొదట చెప్పాలి. చెప్పేటప్పుడు గొంతులో కోపం ఉండకూడదు. జాషువా పద్యంలో కోపం కంటే ప్రేమే ఎక్కువ.

ఇలాగే కోస్తాలో పుట్టి పెరిగినవాళ్లకు వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ చెప్పాలి, దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ చెప్పాలి. తెలంగాణలో పెరిగినవాళ్లకు చిత్తూరు మట్టి మీద నిలబడి రాసిన నామిని చెప్పాలి. ముస్లిం ఇంటి గడప ఎన్నడూ తొక్కని వాళ్లకు ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ చెప్పాలి. నెల్లూరు జిల్లాలో ఆ ఇంటి అమ్మ కూడా మన అమ్మలాగే సణుగుతూ, ముద్దు చేస్తూ, అన్నం పెడుతుంటుంది. అది తెలియడానికి ఏ ఉపన్యాసమూ అక్కర్లేదు, నాలుగు కథలు చాలు.

స్త్రీశక్తి సంఘటన వాళ్లు 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ను మాత్రం అందరికీ చెప్పాలి. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్లు మాట్లాడింది మాట్లాడినట్టు రాసిన పుస్తకమిది. వాళ్లలో చదువుకున్నవాళ్లున్నారు, అక్షరం రానివాళ్లున్నారు. దళంతో పాటు అడవిలో తిరుగుతూ కన్నబిడ్డను వదులుకోవాల్సి వచ్చిన తల్లి ఉంది. పోరాటం ముగిసి ఇంటికి వచ్చాక మళ్లీ వంటింట్లోకే వెళ్లాల్సి వచ్చినందుకు బాధపడ్డవాళ్లూ ఉన్నారు. ఆ పోరాటం మీద అంతకు ముందు ఎన్నో పుస్తకాలు వచ్చాయి. ఈ గొంతులు వాటిలో వినపడలేదు.

అనువాదాలను పరాయి సరుకుగా చూడటం కూడా మానుకోవాలి. శరత్‌బాబు తెలుగు రచయితేనని నమ్మిన తరాలు మన ఇళ్లలోనే ఉన్నాయి. చక్రపాణి లాంటివాళ్లు ఆయన్ని అంత దగ్గర చేశారు. అలెక్స్ హేలీ నవలను సహవాసి ‘ఏడుతరాలు’గా కుదించి తెలుగు చేస్తే, ఆఫ్రికా నుంచి గొలుసులతో తెచ్చిన కుంటా కింటే మన పల్లెటూళ్ల యువకులకు సొంత బంధువయ్యాడు. మన ఊళ్లో మన కళ్ల ముందున్న వెట్టిని గుర్తుపట్టడానికి అట్లాంటిక్ దాటి వచ్చిన కథ తోడ్పడింది. మనం ఎన్నడూ వెళ్లని చోటి పుస్తకం ఒక్కోసారి మన వీధినే కొత్తగా చూపిస్తుంది.

పుస్తకం మనిషిని చేరే దారిలో పేర్ల పట్టీ కన్నా మనిషే ముఖ్యమనిపించే సందర్భాలు చాలా ఉన్నాయి. 1904లో గాంధీ జొహానెస్‌బర్గ్ నుంచి డర్బన్ వెళ్లే రైలెక్కుతుంటే మిత్రుడు హెన్రీ పోలక్ స్టేషనుకొచ్చి దారిలో చదువుకోమని ఒక చిన్న పుస్తకం చేతిలో పెట్టాడు. లబ్బక్ జాబితాను కొట్టేసిన ఆ రస్కిన్ రాసిందే. గాంధీ మొదలుపెట్టాక కింద పెట్టలేకపోయారు, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కొద్దికాలానికే ఫీనిక్స్ ఆశ్రమం వెలిసింది. తర్వాత దాన్నే ‘సర్వోదయ’ పేరుతో గుజరాతీలోకి తెచ్చుకున్నారు. పోలక్‌కు తన స్నేహితుడి మనసు తెలుసు. ఏ పుస్తకం ఆ మనసులో ఎక్కడ తగులుతుందో కూడా తెలుసు. ముద్రించిన ఏ జాబితాకూ ఆ తెలివి రాదు.

మన దగ్గరా అలా చేతిలో పెట్టినవాళ్లున్నారు. ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు తానే మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. తెలుగు చదవడమే కష్టమైన నిజాం రాజ్యంలో ఆ పని చేశారు. కృష్ణా డెల్టాలో పాతూరి నాగభూషణం 1935లో పడవలో పుస్తకాలు పెట్టి కాలువ వెంట ఊళ్లకు పంపించారు. అంతకు ముందే హైదరాబాద్‌లో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనం వెలిశాయి. అక్షరం రానివాళ్లు కూడా మన ఊళ్లలో పుస్తకానికి దూరంగా బతకలేదు. వానలు కురవకపోతే విరాటపర్వం చదివించేవారు. ఒకరు చదివితే ఊరంతా వినేది. తిక్కన పద్యం చెవిన పడని రైతు ఉండేవాడు కాదు. అందరూ చదవాల్సిన పుస్తకం అన్న ఊహ మనకు కొత్తగా దిగుమతయింది కాదు. ఎవరు చదివి వినిపించాలి, ఎక్కడ కూర్చుని వినాలి అన్న ఏర్పాటు అప్పట్లో ఉండేది. ఇప్పుడా ఏర్పాటే తగ్గింది.

ఆ ఏర్పాటు పూర్తిగా పోలేదు కూడా. పట్టణంలో ఏ శాఖా గ్రంథాలయానికైనా ఉదయం పూట వెళ్లి చూడండి. పొడుగు బల్ల దగ్గర పెద్దవాళ్లు పేపర్లు పంచుకుని చదువుతుంటారు. లోపలి గదిలో గ్రూప్స్‌కీ, కానిస్టేబుల్ ఉద్యోగాలకీ తయారయ్యే యువతీయువకులు ఇంటి నుంచి తెచ్చుకున్న పుస్తకాలు ముందేసుకుని తల ఎత్తకుండా కూర్చుంటారు. వాళ్ల మీద చాలా కుటుంబాల ఆశలున్నాయి. ఆ గది వాళ్లకు దక్కడం న్యాయమే. వాళ్ల కుర్చీల వెనక గోడవారగా తెలుగు నవలలు, కథలు, కవిత్వం ఉన్న బీరువాలుంటాయి. చాలా చోట్ల వాటికి తాళం ఉంటుంది. అడిగి తీయించుకుని ఒక పుస్తకం చివరి అట్ట తిప్పితే, లోపల అంటించిన తారీఖుల చీటీ కనిపిస్తుంది. ఒకప్పుడు నెలకు రెండు మూడు ముద్రలు పడ్డ చీటీ. రాను రాను ముద్రల మధ్య ఏళ్లు దొర్లిపోయాయి.

పరీక్షకు చదివే ఆ పిల్లలకు వెనక బీరువాలో ‘మాలపల్లి’ ఉందని ఒకరు చెప్పాలి. మధ్యాహ్నం ఒక అరగంట ‘గబ్బిలం’ చదివి వినిపించే మనిషి ఉండాలి. గ్రంథపాలకుల ఖాళీలు ఏళ్ల తరబడి నింపకుండా, పొరుగుసేవల మనిషి ఒక్కడితో మూడు శాఖలు నడిపిస్తే ఆ పని జరగదు. కొత్త పుస్తకాలకు, పాతవాటి పునర్ముద్రణలకు డబ్బు లేదనడమూ సరికాదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ పన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ఇంటి పన్నుతో పాటే వసూలవుతోంది. స్థానిక సంస్థలు దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమ చేయాలి. ఆ సొమ్ము సకాలంలో చేరి, అందులో కొంత భాగమైనా ఆ జిల్లావాళ్లు రాసిన పుస్తకాలకు, మరికొంత పక్క ప్రాంతంవాళ్లు, పక్క కులంవాళ్లు, పక్క మతంవాళ్లు రాసిన పుస్తకాలకు ఖర్చు పెడితే చాలు. తప్పకుండా చదవాల్సిన పుస్తకాల జాబితా ప్రతి పట్టణంలోనూ బీరువాలోనే తయారవుతుంది. మీ ఊరి బీరువాలో ఏమున్నాయో, దాని తాళంచెవి ఎవరి దగ్గరుందో ఈ వారం వెళ్లి అడగండి. ఇంటి పన్ను కట్టే ప్రతి ఒక్కరికీ అలా అడిగే హక్కుంది.